ఆహార రుగ్మతలు: ‘మన ఇళ్లలో ఉండవు’ అనుకోవడమే మొదటి అపోహ

జంషెడ్‌పూర్: “అమ్మాయికి కొన్నాళ్లుగా అన్నం సహించడం లేదు.” ఆహార రుగ్మత అనేక ఇళ్లలో ఇలాంటి మాటతోనే బయటపడుతుంది. గ్యాస్ పట్టిందని ముందు ఒక మాత్ర వేస్తారు. దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పోస్తారు. పరీక్షల భయమని కొందరు, మొండితనమని కొందరు అంటారు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మరొకరు సలహా ఇస్తారు. ఇలా నెలలు గడిచిపోతాయి. ఇది మనసుకు, శరీరానికి ఒకేసారి పట్టిన జబ్బు కావచ్చునన్న ఆలోచన చాలా ఇళ్లలో చిట్టచివరికి గాని రాదు.

ఆహార రుగ్మతల విషయంలో ఈ ఆలస్యమే పెద్ద ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 1.4 కోట్ల మంది ఈ రుగ్మతలతో బాధపడ్డారు. వారిలో సుమారు 30 లక్షల మంది పిల్లలు, కౌమార వయస్కులు. మానసిక వ్యాధులలో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. అయినా మన సమాజంలో దీనిని జబ్బుగా కాక అలవాటుగా, ఫ్యాషన్‌గా, పొగరుగా చూసే ధోరణే ఎక్కువ.

జంషెడ్‌పూర్ వంటి నగరంలో ఈ ధోరణికి మరో కారణం కూడా తోడవుతుంది. ఉక్కు కర్మాగారం వెలసిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలువెత్తు గుర్తు. ఆకలిని తప్పించుకోవడానికి ఊరు విడిచి వచ్చిన తరాల మనవలు, మనవరాళ్లు నేడు ఈ నగరంలో చదువుకుంటున్నారు. కంచంలో అన్నం ఉండగా తినలేకపోవడం అనే జబ్బును అటువంటి ఇళ్లలోని పెద్దలు ఊహించలేకపోవడం సహజమే.

నగరం చుట్టూ ఉన్న రాష్ట్రం పరిస్థితి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఝార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నాలుగో వంతుకు పైగా ఉండవలసినంత బరువు లేరు. సుమారు 65 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశ సగటు 57 శాతం. సన్నగా, నీరసంగా ఉన్న ఆడపిల్ల ఇక్కడ ఎవరి కంటికీ వింతగా కనిపించదు. పేదరికం వల్ల వచ్చిన బలహీనత ఏది, రుగ్మత వల్ల వచ్చినది ఏది అని విడదీసి చూడటం వైద్యులకూ తేలిక కాదు.

ఆహార రుగ్మత అంటే ఏమిటి?

తిండి, బరువు, శరీరాకృతి గురించిన ఆలోచనలు మనిషి దైనందిన జీవితాన్ని ఆక్రమించి, తినే తీరును అదుపు తప్పించి, ఆరోగ్యాన్ని దెబ్బతీసే స్థితిని స్థూలంగా ఆహార రుగ్మత అంటారు. వీటిలో ప్రధానమైనవి కొన్ని ఉన్నాయి.

అనొరెక్సియా నెర్వోజాలో మనిషి ప్రమాదకరంగా క్షీణిస్తున్నా తిండిని తగ్గిస్తూనే పోతాడు. బులీమియా నెర్వోజాలో తక్కువ వ్యవధిలో అదుపు లేకుండా తినడం, ఆ తర్వాత అపరాధ భావంతో దానిని వాంతులు, విరేచనాల మందులు, కఠిన ఉపవాసం లేదా అతి వ్యాయామం ద్వారా వదిలించుకోవాలని చూడటం పదే పదే జరుగుతుంది. బింజ్ ఈటింగ్ రుగ్మతలో అదుపు లేని తిండి, దాని వెంట సిగ్గు, బాధ ఉంటాయి. వదిలించుకునే ప్రయత్నాలు మాత్రం ఉండవు. అర్ఫిడ్ అనే రుగ్మతలో బరువు చింత లేకుండానే వాసన, రుచి, మెత్తదనం నచ్చకో, గొంతుకు అడ్డుపడుతుందన్న భయంతోనో అతి కొద్ది పదార్థాలకే పరిమితమవుతారు. మట్టి, బలపం వంటి ఆహారం కాని వాటిని తినే పైకా కూడా ఇదే కోవలోకి వస్తుంది.

అపోహ 1: ఇది పాశ్చాత్యుల, ధనికుల జబ్బు

సినిమా తెరలు, ఫ్యాషన్ పత్రికలు పుట్టకముందే ఈ రుగ్మత ఉంది. లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ 1689లో వెలువరించిన గ్రంథంలో ఇద్దరు రోగులను వర్ణించాడు. ఆ గ్రంథం నిజానికి క్షయ వ్యాధి గురించినది. రోగి ఎండిపోతున్నాడు, కానీ జ్వరం లేదు, దగ్గు లేదు, ఊపిరితిత్తుల జబ్బు జాడ లేదు. ఇది మనసుకు సంబంధించిన క్షీణత అని ఆయన వేరు చేసి చెప్పాడు. ‘అనొరెక్సియా నెర్వోజా’ అన్న పేరును సర్ విలియం గల్ 1873లో ఇచ్చారు. బులీమియాను ప్రత్యేక రుగ్మతగా 1979లో జెరాల్డ్ రసెల్ గుర్తించారు. పేర్లు కొత్తవే గాని జబ్బు పాతది.

భారతదేశంలోనూ ఇది నిన్న మొన్న మొదలైనది కాదు. ఢిల్లీలోని ఎయిమ్స్ మనోవైద్యులు 1995లోనే తమ దగ్గరకు వచ్చిన ఐదుగురు యువతుల వివరాలను అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. చెన్నైలో 210 మంది వైద్య విద్యార్థులపై జరిపిన అధ్యయనం 1998లో వెలువడింది. పూర్తిస్థాయి రుగ్మత కాకపోయినా, తిండి విషయంలో తీవ్ర మానసిక క్షోభ అందులో సుమారు 15 శాతం మందిలో కనిపించింది. తిండి, శరీరం గురించి చదువుకుంటున్న వైద్య విద్యార్థుల్లోనే ఆ పరిస్థితి ఉండటం గమనించదగినది.

సంస్కృతి ప్రభావం లేదని కాదు. పసిఫిక్ ద్వీప దేశమైన ఫిజీలో బొద్దుగా ఉండటమే అందం, ఆరోగ్యం. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అప్పుడు బరువు తగ్గడం కోసం వాంతి చేసుకునే బాలిక అధ్యయనంలో ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత చూస్తే అటువంటి వారు 11 శాతం ఉన్నారు. అప్పుడు టెలివిజన్ చేసిన పని ఇప్పుడు ప్రతి చేతిలోని మొబైల్ ఫోన్ చేస్తోంది. ఇంటర్నెట్‌లో చూసిన ఆహార నియమాలను పాటిస్తూ క్షీణించిన ఒక కేరళ విద్యార్థిని 2025లో మరణించిన ఉదంతం దేశమంతటా చర్చకు వచ్చింది. సాక్చి, కద్మా వీధుల్లోని పిల్లలు చూస్తున్నదీ ఆ తెరనే.

అపోహ 2: లావవుతామన్న భయం లేకపోతే అది అనొరెక్సియా కాదు

భారతీయ కుటుంబాలను, కొన్నిసార్లు వైద్యులను కూడా పక్కదారి పట్టించే అపోహ ఇది. పాఠ్యపుస్తకాల్లోని రోగి అద్దంలో చూసుకుని ‘నేను లావుగా ఉన్నాను’ అంటుంది. ఎయిమ్స్ వైద్యులు వర్ణించిన యువతులు ఆ మాట అనలేదు. వారు తిండి నిరాకరించారు, వాంతులు చేసుకున్నారు, బాగా చిక్కిపోయారు, నెలసరి ఆగిపోయింది. తమ శరీరాకృతి గురించిన వికృత భావన మాత్రం పాశ్చాత్య రోగుల్లో ఉన్నట్లు వారిలో కనిపించలేదు.

హాంకాంగ్‌లో మనోవైద్యుడు సింగ్ లీ 1993లో ప్రచురించిన అధ్యయనం దీనిని మరింత స్పష్టం చేసింది. ఆయన పరిశీలించిన 70 మంది చైనీయ రోగుల్లో 41 మందికి జబ్బు సాగిన కాలమంతటా లావవుతామన్న భయమే లేదు. ఎందుకు తినడం లేదని అడిగితే కడుపు ఉబ్బరంగా ఉందని, ఆకలి లేదని చెప్పారు.

ఈ మాటలు తెలుగు ఇళ్లకు కొత్తవి కావు. ‘కడుపు నిండుగా ఉంది’, ‘గ్యాస్ పైకి తన్నుతోంది’, ‘ముద్ద దిగడం లేదు’, ‘వాసన పడటం లేదు’. మన భాషలో మనసు బాధ చాలాసార్లు కడుపు బాధగానే బయటకు వస్తుంది. రోగి అబద్ధం చెబుతున్నట్లు కాదు. చాలాకాలం తక్కువ తిన్నవారి జీర్ణకోశం నిజంగానే మందగిస్తుంది. కొద్దిగా తిన్నా ఉబ్బరం నిజంగానే ఉంటుంది. అందువల్ల కుటుంబం జీర్ణకోశ వ్యాధుల నిపుణుడిని వెతుకుతుంది. ఎండోస్కోపీ, స్కానింగ్ చేయిస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయని నివేదిక వస్తుంది. ‘జబ్బేమీ లేదు, తినమ్మా’ అన్న మాటతో కథ అక్కడికి ముగిసిపోతుంది. నిజానికి మనోవైద్యుడి దగ్గరకు వెళ్లవలసిన సమయం అప్పుడే మొదలవుతుంది.

శారీరక పరీక్షలు వృథా అని దీని అర్థం కాదు. బరువు తగ్గుతున్న ప్రతి ఒక్కరిలో క్షయ, థైరాయిడ్, మధుమేహం, పేగు వ్యాధులు, కుంగుబాటు లేవని నిర్ధారించుకోవడం తప్పనిసరి. ఆ నివేదికలు బాగున్నప్పుడు ప్రశ్నను అక్కడితో వదిలేయడమే తప్పు.

అపోహ 3: మనిషిని చూస్తే తెలిసిపోతుంది

ఎముకల గూడులా మారిన మనిషి బొమ్మే ఆహార రుగ్మతకు గుర్తుగా స్థిరపడిపోయింది. బులీమియా ఉన్నవారిలో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది. బింజ్ ఈటింగ్ ఉన్నవారు మామూలు బరువుతోనో, అధిక బరువుతోనో ఉంటారు. మొదట బాగా లావుగా ఉండి, కొద్ది నెలల్లో వేగంగా బరువు కోల్పోయినవారు చూపరులకు ‘ఇప్పుడు బాగున్నావు’ అనిపిస్తారు. వారి గుండె, రక్తపోటు మాత్రం అనొరెక్సియా రోగి స్థితికే చేరి ఉండవచ్చు. మెచ్చుకోలు అక్కడ జబ్బుకు ఎరువవుతుంది.

ప్రమాదం బరువు అంకెలోనే ఉండదు. పదే పదే వాంతులు చేసుకునేవారి రక్తంలో పొటాషియం పడిపోతుంది. అది గుండె లయను తప్పిస్తుంది. పళ్ల మీది ఎనామిల్ కరిగిపోతుంది. తిండి తగ్గించినవారిలో నాడి మందగిస్తుంది, చలి ఎక్కువవుతుంది, జుట్టు రాలుతుంది, ఎముకల్లో సాంద్రత తగ్గుతుంది. ఎముక గట్టిపడవలసిన కౌమారంలో జరిగిన ఈ నష్టాన్ని తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. సాధారణ రక్త పరీక్షలు బాగానే ఉన్నంత మాత్రాన ముప్పు లేదని భావించరాదు.

నెలసరి వస్తూనే ఉంది కాబట్టి అనొరెక్సియా కాదన్న వాదన కూడా పాతబడింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో సవరించిన నిర్ధారణ ప్రమాణాల నుంచి ఆ షరతును తొలగించింది. బింజ్ ఈటింగ్‌ను ప్రత్యేక రుగ్మతగా చేర్చినదీ ఆ సవరణలోనే.

అపోహ 4: ఇది ఆడపిల్లలకే వస్తుంది

మోర్టన్ 1689లో వర్ణించిన ఇద్దరిలో ఒకరు 18 ఏళ్ల యువతి అయితే, రెండోవారు 16 ఏళ్ల బాలుడు. మొదటి వర్ణనలోనే మగపిల్లవాడు ఉన్నా, తర్వాతి మూడు శతాబ్దాలు లోకం అతడిని మరచిపోయింది. అమెరికాలో 2007లో వెలువడిన జాతీయ స్థాయి సర్వేలో అనొరెక్సియా, బులీమియా ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు పురుషులే.

మగపిల్లల్లో ఈ జబ్బు తరచు వేరే వేషంలో వస్తుంది. సన్నబడటం కన్నా కండలు తేలడం లక్ష్యమవుతుంది. గంటల తరబడి వ్యాయామం, కొన్ని పదార్థాలు తప్ప మరేవీ ముట్టకపోవడం, పెళ్లి భోజనానికి కూడా వెళ్లకపోవడం క్రమశిక్షణగా కనిపిస్తాయి. ఒక్క రోజు వ్యాయామం తప్పితే భరించలేని ఆందోళన కలగడం ఇక్కడ గమనించవలసిన సంకేతం.

క్రీడలకు పేరొందిన జంషెడ్‌పూర్‌కు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో, టాటా ఆర్చరీ అకాడమీ 1996లో ఇక్కడ మొదలయ్యాయి. వాటి స్ఫూర్తితో మైదానాల బాట పట్టే పిల్లలు నగరంలో ఎందరో. శ్రమకు తగినంత తినని క్రీడాకారుల్లో ఎముకలు, హార్మోన్లు, గుండె, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో హెచ్చరించింది. ఇది ఆడ, మగ ఇద్దరికీ వస్తుందని స్పష్టం చేసింది. బరువు విభాగాలు ఉన్న బాక్సింగ్, కుస్తీలోను, తేలికగా ఉండటమే లాభమనిపించే పరుగు, జిమ్నాస్టిక్స్‌లోను ముప్పు ఎక్కువ. ‘బరువు తగ్గితే వేగం పెరుగుతుంది’ అని కోచ్ యథాలాపంగా అన్న మాట కొందరు పిల్లల్లో జబ్బుకు నాంది కావచ్చు.

అపోహ 5: ఉపవాసం పుణ్యమే కదా, తప్పేముంది?

కార్తిక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు తెలుగువారికి తరతరాల ఆచారం. ఇరుగుపొరుగు ఇళ్లలో జితియా, ఛఠ్ పండుగలకు నీరు కూడా ముట్టని కఠిన వ్రతాలు ఉంటాయి. ఇవేవీ జబ్బు కావు. వ్రతానికి తిథి ఉంటుంది, సంకల్పం ఉంటుంది, పారణ ఉంటుంది. పారణ నాడు ఇల్లంతా కలిసి తింటుంది, మనసు తేలికపడుతుంది.

రుగ్మతకు పారణ ఉండదు. ఉపవాసం ముగిసినా తినడానికి భయం వేస్తుంది. వారానికొకటి ఉన్న వ్రతం రెండు, మూడు, నాలుగు అవుతుంది. ప్రసాదం పుచ్చుకోవడానికి కూడా సాకులు వెతుకుతారు. ఇంట్లో ఎవరికీ లేని నియమాలు ఒక్కరికే పుట్టుకొస్తాయి. ముందు నూనె, తర్వాత అన్నం, ఆపై పాలు, చివరికి పండ్లు కూడా నిషిద్ధాల జాబితాలో చేరతాయి. వ్రతం భక్తి కోసమా, తిండి నుంచి తప్పించుకోవడానికా అన్న తేడాను కుటుంబమే ముందుగా గుర్తించగలదు.

అపోహ 6: ఇదంతా మొండితనం, లేదంటే తల్లి పెంపకం

జబ్బు వచ్చిన పిల్లను, ఆ పిల్లను పెంచిన తల్లిని నిందించడం వల్ల ఇద్దరూ మౌనంలోకి వెళ్లిపోతారు. ఆహార రుగ్మతలకు ఒకే కారణం లేదు. వంశపారంపర్యత, మెదడు పనితీరు, స్వభావం, ఎదురైన అవమానాలు, సమాజపు ఒత్తిడి కలిసి పనిచేస్తాయి. సుమారు 17,000 మంది అనొరెక్సియా రోగుల జన్యు సమాచారాన్ని విశ్లేషించి 2019లో ప్రచురించిన అంతర్జాతీయ పరిశోధన, ఈ రుగ్మతతో ముడిపడిన ఎనిమిది జన్యు స్థానాలను గుర్తించింది. వాటి సంబంధం మనసుతోనే కాక జీవక్రియలతోనూ ఉన్నట్లు తేల్చింది.

ఆకలి మనసును ఎలా మారుస్తుందో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూపింది. శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు 1945లో ఆరు నెలల పాటు స్వచ్ఛందంగా అరకొర తిండితో గడిపారు. వారెవరికీ లావవుతామన్న భయం లేదు. అయినా కొద్ది వారాల్లోనే వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరగసాగాయి. వంట పుస్తకాలు చదివారు. ముద్దను ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు. చిరాకు, కుంగుబాటు పెరిగాయి, స్నేహాలు తగ్గాయి. తిండి మళ్లీ దొరికాక కొందరు అదుపు తప్పి తిన్నారు.

రోగిలో మనం మొండితనం అనుకునే లక్షణాల్లో చాలా భాగం ఆకలితో ఉన్న మెదడు చేసే పనులని ఈ ప్రయోగం చెబుతోంది. శరీరానికి పోషణ అందనిదే మనసుకు చెప్పిన మాట ఎక్కదు. బుజ్జగింపులు, బెదిరింపులు విఫలమవడానికి కారణం ఇదే.

అపోహ 7: బలపాలు, మట్టి తినడం చెడ్డ అలవాటు మాత్రమే

బలపం కొరకడం, పచ్చి బియ్యం నమలడం, గోడ సున్నం గీకి తినడం, తడి మట్టి వాసనకు నోరూరడం తెలుగు ఇళ్లలో చాలామంది ఎరిగినవే. పిల్లలను కొట్టి మాన్పించాలని చూస్తారు. గర్భిణుల విషయంలో వేవిళ్ల కోరికగా సరిపెట్టుకుంటారు. వైద్యశాస్త్రం దీనిని పైకా అంటుంది. ఇనుము లోపంతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. రక్తహీనత ఇంత విస్తారంగా ఉన్న రాష్ట్రంలో ఈ లక్షణం కనిపిస్తే దెబ్బలు కాదు, రక్త పరీక్ష అవసరం. చాలామందిలో ఇనుము లోపాన్ని సరిచేస్తే ఆ కోరిక తగ్గిపోతుంది. పాత రంగులు, మట్టి ద్వారా సీసం, నులిపురుగులు శరీరంలోకి చేరే ప్రమాదం ఉన్నందున చిన్నపిల్లల్లో దీనిని తేలికగా తీసుకోరాదు.

అపోహ 8: గట్టిగా తినిపిస్తే చాలు, పెళ్లయితే సర్దుకుంటుంది

చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా భారీగా తినిపించడం ప్రాణాంతకం కావచ్చు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. యుద్ధ ఖైదీలకు విడుదలైన వెంటనే కడుపు నిండా తిండి పెట్టినప్పుడు ఈ ప్రమాదం వైద్యుల దృష్టికి వచ్చింది. తీవ్రంగా క్షీణించినవారికి పోషణను ఆస్పత్రిలో, రక్త పరీక్షలు చేస్తూ, మెల్లగా పెంచాలి.

పెళ్లి చికిత్స కాదు. కొత్త ఇల్లు, కొత్త వంట, కొత్త మనుషుల మధ్య జబ్బును దాచుకోవలసిన ఒత్తిడి పెరుగుతుంది. గర్భం వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు.

చికిత్స ఉంది. కౌమార వయస్కుల అనొరెక్సియాకు కుటుంబాన్నే చికిత్సలో భాగస్వామిని చేసే పద్ధతికి బలమైన ఆధారాలున్నాయి. ఇందులో తల్లిదండ్రులు దోషులు కారు, వైద్యుడికి కుడిభుజాలు. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయాన్ని తొలుత వారు తీసుకుంటారు. పిల్లలు కోలుకునే కొద్దీ ఆ బాధ్యతను తిరిగి వారికే అప్పగిస్తారు. అమెరికాలో 121 మంది కౌమార వయస్కులపై జరిగి 2010లో వెలువడిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఈ పద్ధతి పొందినవారిలో 49 శాతం పూర్తిగా కోలుకున్నారు. వ్యక్తిగత చికిత్స పొందినవారిలో ఇది 23 శాతం. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ప్రధాన చికిత్స. బులీమియాలో కొన్ని మందులు తోడ్పడతాయి. అనొరెక్సియాను నయం చేసే మాత్ర అంటూ ప్రస్తుతానికి లేదు. అక్కడ ఆహారమే మొదటి మందు.

కోలుకోవడానికి కాలం పడుతుంది. అమెరికాలో సాగిన ఒక దీర్ఘకాలిక అధ్యయనంలో అనొరెక్సియా రోగుల్లో తొమ్మిదేళ్లకు కోలుకున్నవారు సుమారు 31 శాతమే. 22 ఏళ్లకు ఆ సంఖ్య సుమారు 63 శాతానికి చేరింది. ఏళ్లు గడిచినా జబ్బు తగ్గలేదని ఆశ వదులుకోవలసిన అవసరం లేదని ఈ అంకెల సారాంశం. తొందరగా మొదలుపెట్టిన చికిత్సకు ఫలితం మెరుగు అన్నది కూడా అంతే నిజం.

కుటుంబం గమనించవలసినవి

కర్మాగారం షిఫ్టుల మీద నడిచే ఇళ్లలో అందరూ కలిసి భోంచేసే పూట అరుదు. ‘నాన్నతో తిన్నాను’ అని తల్లికి, ‘అమ్మ పెట్టింది’ అని తండ్రికి చెప్పి తప్పించుకోవడం పిల్లలకు తేలిక. అందువల్ల రోజుకు కనీసం ఒక పూట ఎవరో ఒకరు పక్కన కూర్చుని తినడం మంచి అలవాటు.

ఈ సంకేతాలు కొన్ని వారాలుగా కనిపిస్తే వైద్యుడిని సంప్రదించాలి:

• భోజన వేళకు ఏదో ఒక సాకుతో తప్పుకోవడం, ఒంటరిగానే తింటాననడం
• తిన్న వెంటనే స్నానాల గదికి వెళ్లి ఎక్కువసేపు ఉండటం
• వదులు దుస్తులలో శరీరాన్ని దాచుకోవడం, ఎప్పుడూ చలిగా ఉందనడం
• పదే పదే బరువు చూసుకోవడం, లేదా అద్దాన్ని, ఫొటోలను పూర్తిగా తప్పించుకోవడం
• ఇతరులకు శ్రద్ధగా వండిపెట్టి తాను ముట్టకపోవడం
• ఆహారం దాచిపెట్టడం, రాత్రివేళ రహస్యంగా తినడం
• నెలసరి తప్పడం, కళ్లు తిరగడం, జుట్టు రాలడం

స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీనొప్పి, నీరు కూడా తీసుకోకపోవడం, చనిపోవాలన్న మాటలు రావడం అత్యవసర స్థితికి గుర్తులు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

మాట్లాడేటప్పుడు బరువు, రూపం ప్రస్తావన తేవద్దు. ‘ఎంత చిక్కిపోయావో చూడు’ అన్నా, ‘ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు’ అన్నా రోగికి అది తూకంలాగే వినిపిస్తుంది. ‘నువ్వు ఒంటరిగా ఉంటున్నావు, నాకు బెంగగా ఉంది, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం’ అన్న మాట పని చేస్తుంది. బంధువుల ముందు పంచాయితీ పెట్టడం, ఇతర పిల్లలతో పోల్చడం జబ్బును మరింత లోపలికి నెడతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా ఫిజీషియన్ లేదా పిల్లల వైద్యుడి చేత శరీర స్థితిని పరీక్షింపజేసుకోవాలి. ఆ తర్వాత మనోవైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, పోషకాహార నిపుణులు కలిసి పనిచేసే చోట చికిత్స కొనసాగించాలి. జంషెడ్‌పూర్ నుంచి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, రాంచీలోని కాంకేలో రెండు పెద్ద మానసిక వైద్య సంస్థలు ఉన్నాయి. ఒకటి 1918లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, రెండోది 1925 నుంచి నడుస్తున్న రిన్‌పాస్. స్వరాష్ట్రంలో చికిత్స కోరుకునే తెలుగు కుటుంబాలకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ అందుబాటులో ఉన్నాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ జాతీయ స్థాయి కేంద్రం.

తక్షణ సలహా కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. తెలుగు సహా పలు భారతీయ భాషల్లో ఈ సేవ లభిస్తుంది. హిందీలో, ఇంగ్లిషులో చెప్పుకోలేని బాధను మాతృభాషలో చెప్పుకోగలగడం ప్రవాసంలో ఉన్నవారికి చిన్న విషయం కాదు.

ఖర్చు విషయంలో చట్టం రోగి పక్షాన ఉంది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే కేంద్రాల్లో మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. శారీరక వ్యాధులకు వర్తించే ప్రాతిపదికనే మానసిక వ్యాధులకూ వైద్య బీమా కల్పించాలని అదే చట్టం బీమా సంస్థలను ఆదేశించింది.

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే ఇళ్లలో అన్నాన్ని చూసి భయపడే బిడ్డ ఉండటం పెద్దలకు మింగుడుపడని విషయమే. ఆ బిడ్డ అన్నాన్ని అవమానించడం లేదు, జబ్బుతో పోరాడుతోంది. ‘ఎందుకు తినవు?’ అని నిలదీయడం మాని ‘ఎన్నాళ్లుగా ఇలా ఉంది?’ అని అడిగిన రోజున చికిత్స మొదలైనట్టే.